ఒకే కొంగులో రెండు కండువాలు

ఆనాటి ఉదయం గురజాల కోర్టు వరండాలో ఉన్నవారిని, నిలబడిన వరుసలోనే చెప్పవలెనంటే: గుమ్మానికి కుడివైపున మస్తాన్‌రావు, ఆయన వెనుక భార్య విజయలక్ష్మి, ఆమె పక్కన కోడలు ప్రత్యూష, ఎడమవైపున ఇన్నయ్య ఒక్కడే, నడుమ ఫైళ్లతో మస్తాన్‌రావు వకీలు ఫర్హీన్. ఇన్నయ్య విజయలక్ష్మికి స్వయానా పెదనాన్న కొడుకు. కాలువ నీటి వంతు దగ్గర చేయిచేసుకుని, ఆ బావాబావమరదులు ఒకరిమీద ఒకరు కేసులు పెట్టుకుని ఆరేళ్లయింది.

ఆరేళ్లు! వాయిదా వాయిదాకూ తెల్లవారకముందే లేచి ఆ చొక్కాకూ, ఆ కండువాకూ ఇస్త్రీ చేసి చేసి విజయలక్ష్మి చేతులే కాదు, మనసూ అలసిపోయింది... కిందటి వాయిదా నాడైతే మరీ ఘోరం! కండువాలు తీసి లోపలికి రమ్మని బంట్రోతు చెప్పగా, ముందు అతడు తీయాలని ఈయన, ముందు ఈయన తీయాలని అతడు, పిలుపు ముగిసేదాకా గుమ్మం బయటే భీష్మించుకుని నిలబడ్డారు! ఇద్దరిమీదా వారెంట్లు వచ్చాయి. నేడూ పిలుపుకు పలకకపోతే ఇక జైలే. గుండెకు స్టెంటు వేసి నాలుగు నెలలైనా కాని తన భర్త జైలుకా!

"లేత రంగు చొక్కా వేశారు, చెప్పులు విడిచారు, సంతోషం. ఆ భుజం కూడా ఖాళీ చెయ్యండి బాబాయ్!" అంది ఫర్హీన్ మస్తాన్‌రావుతో.

"మా నాయన పెద్దకర్మ నాడు పదిమందిలో నా భుజాన వేసిన కండువా అమ్మా ఇది! వాడి ఎదట తియ్యాలా? జైల్లోనన్నా ఉంటా!"

"నాకేసింది మసిగుడ్డా ఏంది? అడుగమ్మా ప్రత్యూషా, మీ మామని!" అన్నాడు ఇన్నయ్య.

"ఒరేయ్! నా కోడలితో ఏందిరా నీకు?"

"జైల్లో మాత్రం కండువా ఉండనిస్తారా ఏంది మామయ్యా?" అంది ప్రత్యూష విసుగ్గా.

లోపలినుంచి ఇద్దరి పేర్లూ మొదటిసారి వినిపించాయి.

విజయలక్ష్మి చేతిసంచి కింద పెట్టింది. ఇద్దరి మధ్యకూ నడిచి, నేతచీర కొంగు రెండు చేతులతో చాచింది!

"అన్నయ్యా... నా పెళ్లిలో ఈయన చేతిలో నా చెయ్యి పెట్టింది నువ్వే గదా! ఏమండీ, మీకూ చెబుతున్నా. ఎవరు ముందని లేదు. ఇద్దరూ ఒక్కసారే ఈ కొంగులో వెయ్యండి. నేల తాకనియ్యను. చానా అలిసిపోయా అన్నయ్యా... ఇంక నావల్ల కాదు..."

రెండో పిలుపు... ఎవరూ కదలలేదు. ఆమె చాచిన కొంగు దించలేదు. మూడో పిలుపు ఆరంభం కాగానే ఇన్నయ్య చేయి భుజం మీదికి పోయింది. మస్తాన్‌రావు చేయీ లేచింది. ఏది ముందు పడిందో, ఏది వెనుక పడిందో చూసినవారెవరూ చెప్పలేకపోయారు!

గంట తరువాత వారెంట్లు రద్దై, కేసులు రాజీకి వాయిదా పడ్డాయి. వాళ్లిద్దరూ బయటికి వచ్చేసరికి విజయలక్ష్మి బెంచీ మీద, ఒడిలో రెండు తెల్ల కండువాలు మడిచి పెట్టుకుని, గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. ఏది ఎవరిదో వారూ అడగలేదు.

మస్తాన్‌రావు పైదాన్ని తీసి, భుజాన వేసుకోలేదు. భార్య భుజాన కప్పి, గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నయ్యా, వకీలమ్మా, ప్రత్యూషా, ముగ్గురూ వినండి. ఇయ్యాల నేను ఇంటికి పోతున్నానంటే అది నా గొప్ప కాదు, కోర్టు దయా కాదు. మా విజయలక్ష్మి చేసిన పని. ఈ మాట పదిమందిలో నేనే ఒప్పుకుంటున్నా."