మిషన్ ఆగిన చోట

"కాస్త ఆ కుట్టుమిషన్ ఆపుతారా? పైన మనుషులున్నారు."

మెట్లు దిగి వచ్చి అతను ఆమెతో అన్న మొదటి మాట ఇది. పై గదిలోకి అద్దెకి దిగి ఇంకా సామాన్లు కూడా సర్దుకోలేదు. కీబోర్డు ముందు పెట్టుకుని నాటకాలకి ట్యూన్లు కట్టడం అతని పని. కింద ఆమె టైలరింగ్ షాపు.

ఆమె పెదాల మధ్య నుంచి గుండుసూది తీసింది.

"కింద కూడా మనుషులే ఉన్నారండీ. పొద్దుట్నుంచీ మీరు ఒకే ముక్క వాయిస్తుంటే మేమేమైనా అన్నామా?"

"అది సాధన."

"ఇది కాలరు."

మూల కుర్చీలో గుండీలు కుడుతున్న ఆమె నాయనమ్మ కిసుక్కున నవ్వింది. అతను వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాడు. చెవులు ఎర్రబడ్డాయని పైకెళ్ళాక అద్దం చెప్పింది.

అప్పట్నుంచీ మెట్ల దగ్గర ఎదురైతే చాలు, "సంగీతం గారూ, నిన్నటి ముక్క ఇంకా పాసవలేదా?" అనేది ఆమె. "మీ కాలరు కులాసాయేనా?" అనేవాడు అతను. ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ షాపు గుమ్మంలో నిలబడి, మేకుకి వేలాడుతున్న గొడుగుల వైపు ఆశగా చూశారు. గొడుగులు నాయనమ్మవి. ఆవిడ ఇవ్వలేదు.

విచిత్రం ఏమిటంటే ఆ రోజుల్లో ట్యూన్లు వాటంతట అవే వచ్చాయి. నాటకం డైరెక్టరు రెండు పాటలు విని భుజం తట్టాడు.

"క్లైమాక్సు పాట కూడా ఇలాగే ఉండాలి. శుక్రవారానికి కావాలి. కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటా, ఏమీ అనుకోకు."

సోమవారం పొద్దున్న కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో స్కూటరు వెళ్ళింది. ఏదో తక్కువైంది.

మిషన్ చప్పుడు లేదు.

కోరుకున్న నిశ్శబ్దం చేతికి అందింది. కానీ వేళ్ళు కదలలేదు. టీ తాగాడు. గది ఊడ్చాడు. ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చాడు. గురువారానికి దిక్కు తోచక, పాత పాటలు రెండూ పెట్టుకుని విన్నాడు.

వింటూ వింటూ బిగుసుకుపోయాడు. టకటకటక. ఆగడం. మళ్ళీ టకటక. రెండు పాటల్లోనూ అదే దరువు. రెండు పల్లవుల చివరా అదే ఆగడం. తన ప్రతిభ అని మురిసిపోయినదంతా నేలలోంచి పైకి పాకిన చప్పుడు.

గబగబా మెట్లు దిగాడు.

షాపులో కొత్త మోటారు మిషన్ ఉంది. సూది పరుగెడుతోంది గానీ చప్పుడు పిల్లి నడిచినంత కూడా లేదు.

"పాత మిషన్ ఏదండీ?"

"మార్చేశాను. పైన మనుషులున్నారుగా." ఆమె గుడ్డ మీంచి చూపు ఎత్తలేదు. "మీకేదో పెద్ద పాట ఉందని నాయనమ్మతో అన్నారట."

"అంటే నా కోసం..."

"మరీ పొంగిపోకండి. తొక్కీ తొక్కీ నాకూ కాళ్ళు నొప్పులే."

"నాకు ఆ చప్పుడే కావాలండీ. మీరు కుడుతుంటేనే నేను ట్యూన్ కట్టాను. గుడ్డ తిప్పడానికి మధ్యలో ఆగుతారు చూడండి, నా పల్లవి కూడా అక్కడే ఆగింది. నా పాటల్లో బాగున్నది అదొక్కటే."

ఆమె కత్తెర కోసం బల్లంతా వెతికింది. కత్తెర ఆమె చేతిలోనే ఉంది.

"గుడ్డ తిప్పడానికి రెప్పపాటు చాలు బాబూ," నాయనమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ అంది. "అంతసేపు ఆగేది పైనుంచి నీ ముక్క వినబడుతుందేమోనని."

"నాయనమ్మా, నువ్వు గుండీలు చూసుకో."

"చూస్తూనే ఉన్నా. చెవులే ఊరుకోవడం లేదు."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. మెల్లగా అడిగాడు.

"మరి ఈ వారం ఆగలేదా?"

"ఆగాను." ఆమె గొంతు తగ్గింది. "పైనుంచి ఏమీ రాలేదు. ఈ మోటారు కొని తప్పు చేశానా అనుకున్నాను."

పాత మిషన్ ఎక్కడికీ పోలేదు. వెనకగదిలో దుప్పటి కప్పుకుని ఇస్త్రీ బల్లగా బతుకుతోంది. ఇద్దరూ కలిసి దాన్ని ముందుకి మోసుకొచ్చారు. అతను పైకెళ్ళి కీబోర్డు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ పని మొదట్లోనే చెయ్యాల్సింది," నాయనమ్మ గొణిగింది. "మధ్యలో ఆ మెట్లు దండగ."

టకటకటక. మిషన్ ఆగింది. అతనూ ఆగాడు.

"ఏం, ముక్క రాలేదా?" ఆమె తలెత్తింది.

"వచ్చింది. మీరు ఇలా చూస్తారేమోనని ఆగాను."

ఆమె చూపు దించుకుంది. మిషన్ మళ్ళీ కదలడానికి చాలాసేపు పట్టింది.

శుక్రవారం సాయంత్రానికి పాట తయారైంది. డైరెక్టరుకి వినిపించడానికి బయల్దేరుతుంటే వాన. "ఆ పాట సగం నాది, నేనూ వస్తాను," అంటూ ఆమె షాపు బోర్డు తిప్పేసింది.

నాయనమ్మ లేచి ఒక గొడుగు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఉన్నది ఇదొక్కటే బాబూ. ఇద్దరూ సర్దుకోండి."

ఆవిడ వెనక, మేకుకి రెండో గొడుగు వేలాడుతూనే ఉంది. ఇద్దరూ చూశారు. ఇద్దరూ అడగలేదు.