మాడుముఖాల శుభవార్త

ఆ ఉదయం గాలిమర మీద అందరూ ముఖాలు మాడ్చుకొని ఉన్నారు. అంటే ఎవరికో శుభవార్త వచ్చిందన్నమాట!

భీమిలికి ఎదురుగా, నడిసముద్రంలో నిలబెట్టిన ఆ గాలిమరకు చివరి రెక్క బిగిస్తున్నారు. మేస్త్రి దేముళ్ళు చేతిలోని స్పానర్ మీద నుంచి చూపు ఎత్తడం లేదు. మిగిలినవాళ్ళు తద్దినం భోజనానికి వచ్చినవాళ్ళలా ఉన్నారు. వాళ్ళతో పాటు బోల్టులు బిగిస్తున్న నూకరత్నం ఒక్కొక్కరినీ అనుమానంగా చూసింది.

అందరి ఒంటి మీదా ముందెరుక తొడుగులున్నాయి. గుండె వేగాన్ని, చేతి వణుకును బట్టి అవి ప్రమాదాన్ని ముందే పసిగడతాయి. కీళ్ళ దగ్గర బిగుసుకుపోయి, మనిషిని ఉన్నచోటే నిలిపేస్తాయి. గుండె నెమ్మదిస్తేనే వదులుతాయి. అవి వచ్చాక ఈ పనిలో ఒక్కరూ పడలేదు, ఒక్క వేలూ తెగలేదు. ఎంత అద్భుతం! కాదనే మూర్ఖుడెవడు? కాకపోతే భయానికీ సంతోషానికీ తేడా వాటికి తెలియదు. అందుకే ఒడ్డుకు చేరి తొడుగు విప్పేదాకా మంచి కబురు చెప్పకూడదని పనివాళ్ళు తమలో తామే కట్టుబాటు చేసుకున్నారు.

నూకరత్నం భర్త ఎల్లాజీ, తొడుగులు రాకముందు, ఇలాంటి గాలిమర మీద నుంచే పడ్డాడు. అప్పటి నుంచి మంచానికే అంటుకుపోయాడు. తెగిన నరాలను అతికే నరపోగు వైద్యం చేసిన డాక్టర్లు ఈ పొద్దున అతన్ని నిలబెట్టి చూస్తామన్నారు. ఈసారీ కాళ్ళు ఆనకపోతే ఇక ఆశ వదులుకోమన్నారు. కానీ రెక్క ఎత్తడానికి గాలి ఆగిన రోజు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో! ఆమె పనికి రాక తప్పలేదు.

“మేస్త్రీ, ఆస్పత్రి కాడ్నించి కబురేటైనా వొచ్చిందా?”

“ఏ కబురూ నేదు. నువ్వు బోల్టు సూడు.”

“మరి నీ మొకం అలగుందేటి?”

“నా మొకం ఎప్పుడూ ఇంతే!”

పచ్చి అబద్ధం. దేముళ్ళు నవ్వితే పక్క పడవలో వాళ్ళు కూడా తిరిగి చూస్తారు. నూకరత్నం గుండె ఒక్కసారిగా ఎగిరింది. వెంటనే భుజం దగ్గర తొడుగు కుయ్యిమంది. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట!’ అని తనను తానే తిట్టుకుంది. ఎండుచేపలు ఎలా ఆరబెట్టాలో అత్తగారు చెప్పే పాఠాన్ని మొదటి నుంచి గుర్తు చేసుకుంది. ఎంతటి ఉత్సాహమైనా ఆ పాఠానికి నిలవదు. గుండె నెమ్మదించింది, రెక్క చక్కగా కూర్చుంది.

తిరుగు పడవలోనూ అందరూ ముఖాలు మాడ్చుకొనే కూర్చున్నారు. తొడుగులు విప్పే గది రేవుకు ఆ చివర ఉంది. నూకరత్నం అందరికంటే ముందు రేవు మీదికి దూకింది.

ఆ గది ముందు చక్రాల కుర్చీ ఖాళీగా ఉంది. పక్కనే నర్సు. ఆ నర్సుకు రెండడుగుల ముందు, కర్ర పట్టుకొని నిటారుగా నిలబడినవాడు ఎల్లాజీ!

“మావా!”

చేతులు చాచి పరుగెత్తబోయింది. ఒక్క అడుగు పడింది, అంతే. తొడుగు ఆమెను అలాగే బిగించేసింది. వెనకాల దేముళ్ళు ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు, నవ్వుతూనే బిగుసుకుపోయాడు. వరసగా పడవలో వాళ్ళు, మెట్ల మీది వాళ్ళు, అందరిదీ అదే గతి.

“దయచేసి శాంతించండి. ప్రమాదం పొంచి ఉంది,” అన్నాయి తొడుగులన్నీ ఒకే గొంతుతో. దాంతో నవ్వు ఇంకా ఎక్కువైంది, బిగింపూ ఎక్కువైంది.

“మావా, కదల్లేకపోతన్నాను! ఇది నన్నొదల్దు!” నూకరత్నం ఏడుస్తూ నవ్వుతోంది. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు.

“నువ్వు కదలకే. ఆడే ఉండు. నానొస్తన్నాను.”

పట్టుకోబోయిన నర్సును వద్దని, అతను కర్ర ముందుకు వేశాడు. ఒక అడుగు, తరువాత ఇంకొకటి. రేవు మీద అంతమంది గట్టి మనుషులుండగా, నడుస్తున్నవాడు అతనొక్కడే. నూకరత్నం చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి. ఎల్లాజీ నడిచి వచ్చి వాటి మధ్య నిలబడ్డాడు.