సీసా మెడ మీద ఉప్పు

"మా నాన్న దొంగ అంకె వేశాడంటున్నారండీ. ఆయన పోయి నెలయింది, ఆ మాట మాత్రం పోలేదు," అంది వచ్చినావిడ, కుర్చీ అంచున కూర్చుని.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు. బడి మానేసి నేరపరిశోధనలోకి దిగినా ఆయన అందరికీ మాస్టారే. ఆరేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న చిట్టి నోట్‌బుక్ తెరిచింది.

ఆవిడ తండ్రి ఓ ల్యాబులో ముప్పై ఏళ్ళు కెమిస్టు. కిడ్నీ రోగుల రక్తం శుద్ధిచేసే యంత్రానికి ఆసుపత్రి వాడే నీటిని వారంవారం పరీక్షించేవారు. నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ కరెంటు సులువుగా పారుతుంది. మీటరు పది దాటితే ఫిల్టరు చిరిగినట్టే. ఆయన 8.4 అని రాశారు. ఆ వారమే ఒక రోగి చనిపోయింది. అవే నీళ్ళు వేరే ల్యాబులో 10.5 చూపించాయి. కొలవకుండానే రాశాడని ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రెండు నెలలకు గుండె ఆగింది.

ముందు ఇల్లు చూశారు. మంచం పక్క అరలో సగం వాడిన దగ్గుమందు సీసా, మూతికి దూది కుక్కి ఉంది. జేబు డైరీలో, పంపేసిన రోజు తేదీ కింద రెండే ముక్కలు: "కొత్తది 1413. పాతది 1766."

ల్యాబులో మేనేజరు బీరువా తాళం తీశాడు. "ఆయన్ని పంపేసిన రోజు బల్ల మీదున్నవన్నీ ఇవేనండీ."

ఒక సీసా మాస్టారి చేతిలోకి వచ్చింది. "ఇదెందుకమ్మా?"

"మీటరును సరిచేయడానికండీ," అంది పెద్దాయన కింద పనిచేసిన చిన్న కెమిస్టు. "ఈ ద్రావణం అంకె 1413 అని ముందే తెలుసు. మీటరును దానికి తిప్పాకే నీళ్ళు కొలుస్తాం. సార్‌కి చెయ్యి వణికేది. రోజూ నేనే గ్లాసులో పోసిచ్చేదాన్ని."

సీసా మూత బిగుతుగానే ఉంది. కానీ మెడ మీద తెల్లటి ఉప్పు పొర, అందులో ఒక దూది పోగు. తక్కిన సీసాల మూతలన్నీ తెలుపు, దీనిది నీలం. చిట్టి అన్నీ రాసుకుంది. ఏదీ అర్థం కాలేదు.

మర్నాడు మాస్టారు అందరినీ ఆ బల్ల చుట్టూ కూర్చోబెట్టారు.

"పెద్దాయన కొలిచారు, చూసిందే రాశారు. అబద్ధమాడింది మీటరు. ఈ సీసాకు చాలాకాలం దూదే బిరడా. నీరు ఆవిరై ద్రావణం చిక్కబడింది. అసలు 1766 ఉన్నదాన్ని 1413 అనుకోమని మీటరుకు చెప్పారు. అప్పట్నుంచి అది అన్నిటినీ తగ్గించి చూపింది. 10.5 కాస్తా 8.4 అయింది."

చిన్న కెమిస్టు రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "మూత సింకులో పడి పగిలిందండీ. వేరేది అడుగుదామనుకుని మర్చిపోయాను. ఎండాకాలమంతా అలాగే ఉంది."

"తర్వాత మూత పెట్టిందీ నువ్వేనా?" అన్నాడు మేనేజరు.

"ఆ అమ్మాయి కాదు." మాస్టారు సంచిలోంచి దగ్గుమందు సీసా తీసి, దూది లాగి, ల్యాబు సీసా నీలం మూత దానికి పెట్టి తిప్పారు. ఒక్క చుట్టుకే బిగిసింది. "పంపేసిన రోజు సాయంత్రం ఆయన కొత్త సీసా విప్పి, దాంతో మీటరు సరిచేసి పాతదాన్ని కొలిచారు. డైరీలో ఉన్న రెండంకెలూ అవే. సంగతి అర్థమయింది. జేబులో ఉన్న తన మందుసీసా మూత దీనికి పెట్టి, దీని దూది పట్టుకుని ఇంటికెళ్ళిపోయారు."

"చెప్పేస్తానన్నాను సార్‌తో," అంది చిన్న కెమిస్టు. "'నీకింకా బోలెడు సర్వీసుంది, నోరు మూసుకుని పని నేర్చుకో' అన్నారు. ఇప్పుడు రాసిస్తానండీ. ఆసుపత్రికి కూడా."

కూతురు ఆమె వైపు తిరిగింది.

"రెండు నెలలు, దగ్గొచ్చినప్పుడల్లా నేనే మందు పోశాను. మూతేది నాన్నా అంటే, ఎక్కడో పడిపోయిందమ్మా అన్నారు. నాకైనా చెప్పుకోవచ్చుగా! నేనేం పరాయిదాన్నా?"

చిట్టి నోట్‌బుక్ మూసేసింది.

ఆవిడ నీలం మూత విప్పి, ల్యాబు సీసా పక్కన సాక్ష్యంగా వదిలేసింది. దూదిని వేళ్ళతో నలిపి, ఉండచేసి, తండ్రి పెట్టుకున్నట్టే మందుసీసా మూతికి కుక్కుకుని లేచింది.