చివరివాడు వచ్చేదాకా

ఆ చీలిక దగ్గర, చీకటి పడ్డాక, సైకిలు దిగకూడదంటారు.

దిగితే ఏమవుతుందని అడిగితే మాత్రం ఎవరూ తిన్నగా చెప్పరు. కొండ దిగువన బస నడిపే ఆవిడ మాట మార్చి, స్నానానికి వేడినీళ్ళు పెట్టమంటారా అంటుంది. లారీ డ్రైవర్లు హారన్ మోగించుకుంటూ పోతారే గాని, అక్కడ వేగం తగ్గించరు.

చూడటానికి ఆ చోటులో భయపడవలసినదేమీ లేదు. అంతదాకా ఎక్కుతూ వచ్చిన రోడ్డు అక్కడ రెండుగా చీలుతుంది. ఎడమది వంపులు తిరుగుతూ ఊళ్ళోకి దిగుతుంది. కుడిది కొంతదూరం నున్నగా, నమ్మకంగా సాగి... పాడుపడిన రాళ్ళ గని అంచున ఉన్నట్టుండి ఆగిపోతుంది. రెండింటి మధ్యా ఒక కిలోమీటరు రాయి. దాని మీది అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి.

ఆ రాయి పక్కన ఒకడు నిలబడి ఉంటాడట. ఒంటి మీద తడిసిన రెయిన్ కోటు. ఎడమవైపుకు చాచిన చెయ్యి.

నేను జన్మలో సైకిలెక్కి ఎరుగను. దెయ్యాల విషయంలో నాకు ఏ పక్షమూ లేదు. మా పక్కింటి పెద్దమనిషి ఒక సాయంత్రం మా వరండాలో కూర్చుని చెప్పినదాన్ని, విన్నది విన్నట్టు, మీ ముందుంచుతున్నాను.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక సైకిలు బృందంతో కలిసి కొండదారులు తిరిగేవారు. అందరికంటే ముందు నాయకుడు. అందరికంటే వెనక ఈయన. అందుకే ఆయనకు 'తోక' అని పేరు పెట్టారు.

తోక అంటే చేతకానివాడని కాదు. ఆ బృందం నడిచినదే తోక మీద. దారి రెండుగా చీలిన ప్రతిచోటా, నాయకుడి వెనకే వస్తున్నవాడు సైకిలు దిగి, వెళ్ళవలసిన వైపుకు చెయ్యి చాచి నిలబడాలి. వెనకవాళ్ళు ఒక్కొక్కరే ఆ చెయ్యి చూసుకుని సాగిపోతారు. అందరూ పోయాక తోక వస్తాడు. వచ్చి, "నా వెనక ఎవరూ లేరు" అంటాడు. ఆ మాట విన్నాకే నిలబడినవాడు కదలాలి. ఎండయినా, వానయినా... అంతవరకూ అడుగు కదపకూడదు. అది వాళ్ళ కట్టుబాటు.

బృందంలో అందరికంటే చిన్నవాడు ఆయన బావమరిది. మీసం ఇంకా కుదురుకోని కుర్రవాడు. ఎక్కుడులో నాయకుణ్ణే తరిమేవాడు గనక, చీలికల దగ్గర నిలబడే పని ఎక్కువగా వాడికే పడేది. బావ ఆపసోపాలు పడుతూ వచ్చేసరికి వాడి ఎకసెక్కాలు సిద్ధంగా ఉండేవి.

"నువ్వు తోకవి కాదు బావా, తోకచుక్కవి! ఎప్పుడొస్తావో ఎవరికీ తెలీదు. వస్తే మాత్రం అందరూ బయటికొచ్చి చూడాల్సిందే."

"నోరు మూసుకుని పదరా. మీ అక్కతో చెప్పి నీ సైకిలు అమ్మించేస్తాను."

"అక్క నా మాటే వింటుంది. ముందు నిన్నమ్ముతుంది!"

ఆ రోజు ఉదయం నుంచీ వాన. చీలికకు ఇంకా చాలా కింద ఉండగానే ఆయన సైకిలు చైను తెగింది. అతుకు వేద్దామంటే చలికి వేళ్ళు మొద్దుబారిపోయాయి. అంతలో ఒక పాల వ్యాను వచ్చి ఆగింది. అది చీలిక దాకా పోదు... ముందే పక్కకు తిరిగి, వేరే దారిన ఊళ్ళోకి దిగుతుంది.

చేతుల్లో ఫోన్లు లేని కాలం అది. ఇంత వానలో వాడు మాత్రం నిలబడతాడా, అందరితోపాటు దిగిపోయి ఉంటాడులే అనుకున్నారు. సైకిలు వ్యానులో పడేసుకుని ఎక్కేశారు.

బసకు అందరికంటే ముందు ఆయనే చేరారు. వేడినీళ్ళు పోసుకుని, దుప్పటి కప్పుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. తరువాత మిగతావాళ్ళతో వచ్చిన నాయకుడు మెట్ల కింద తోక సైకిలు చూశాడు. తోక వచ్చాడంటే అందరూ వచ్చినట్టే గదా... తలుపు గడియ వేయించాడు.

వాడు కనిపించలేదని తెలిసింది మర్నాడు కాఫీల వేళకు.

ఆ రాయికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. చెయ్యి అలసిపోయినట్టుంది... మోచేతిని మోకాలి మీద ఆనించుకున్నాడు. కానీ దించలేదు. కొయ్యబారిన ఆ చెయ్యి, అప్పటికీ ఎడమవైపే చూపిస్తోంది.

ఆ తరువాత ఆ ఇంట్లో ఏడుపులు కొన్నాళ్ళకు ఆగిపోయాయి. వాటితోపాటు మాటలూ ఆగిపోయాయి. ఆయన భార్య వడ్డించేది, ఆయన తినేవారు. ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. "అని ఉంటే బాగుండేదండీ" అన్నారాయన నాతో. సైకిలు మాత్రం పెరటి గోడకు ఆనించినచోటే తుప్పు పట్టింది.

ఆయన జుట్టు నెరిసింది. అప్పుడు మొదలైంది ఈ పుకారు.

ఒక బ్యాంకు గుమాస్తా సరదాకి ఆ దారిన సైకిలు మీద పోతూ, చీకటి పడ్డాక ఆ చీలిక దగ్గర దిగాడట. రాయి పక్కన మనిషి. గుసగుసలా అడిగాడట...

"మీ వెనక ఇంకా ఎవరైనా ఉన్నారాండీ?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

"కాదులెండి. మా బావ రావాలి."

గుమాస్తా నాలుగు తొక్కులు ముందుకేసి వెనక్కి చూస్తే... రాయి ఒక్కటే ఉంది.

ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి ఆవిడ చెవిన పడింది. కొన్ని నెలలు గడిచాయి. ఒక రాత్రి అన్నం దగ్గర, గిన్నె మీద మూత పెడుతూ ఆవిడ అంది...

"వాడు మీకోసం నిలబడ్డాడు. వెనక ఎవరూ లేరన్న మాట మీరే వెళ్ళి చెప్పాలి. చెప్పి, వాణ్ణి ఇంటికి తీసుకురండి."

ఆయన చేతిలోని ముద్దను తిరిగి కంచంలో పెట్టారు.

"ఈ మోకాళ్ళతో కొండెక్కగలనా? బస్సులో వెళ్ళి దిగుతాను."

"బస్సులో వెళితే వాడు నమ్మడు. సైకిలు మీదే వెళ్ళండి. ఎక్కలేనిచోట నడిపించుకుంటూ వెళ్ళండి."

నమ్మడని నీకెలా తెలుసని ఆయన అడగలేదు.

పాత సైకిలు బాగుచేయించారు. రిపేరు షాపువాడు దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "తాతా, ఇద్దరిలో ఒకరికే గ్యారంటీ ఇవ్వగలను" అన్నాడు. ఆవిడ కొత్త ఉన్ని స్వెటరు ఒకటి సంచిలో పెట్టింది. అది ఆయన కొలత కాదు.

తొక్కినంత తొక్కి, నడిచినంత నడిచి, ఆయన చీలికను చేరేసరికి చీకటి పడింది. మంచు దిగింది. సైకిలు లైటు వెలుగును ఆ మంచు మింగేస్తోంది.

ముందు ఈల వినిపించింది. చలిని మరిచిపోవడానికి కుర్రవాళ్ళు వేసే సన్నటి ఈల. తరువాత చెయ్యి కనిపించింది. ఆ తరువాత... మనిషి.

వాడే. మీసం ఇంకా కుదురుకోని ముఖం. ఒక్క రోజైనా పెరగని ముఖం.

దిగకూడదన్న చోటే ఆయన దిగారు.

"ఎడమవైపండీ" అన్నాడు వాడు. "కుడివైపు గని ఉంది."

"ఒరేయ్..." ఇన్నేళ్ళుగా నోట్లోనే ఉండిపోయిన మాటను కూడదీసుకున్నారు. "నా వెనక... నా వెనక ఎవరూ లేరురా. చివరివాణ్ణి నేనే. పద, ఇంటికి పోదాం."

ఈల ఆగింది. చాచిన చెయ్యి... మెల్లగా... వాలింది.

ఆయన స్వెటరు కోసం సంచిలో చెయ్యి పెట్టారు.

వాడు ముందుకు వంగి, లైటు వెలుగులో ఆయన ముఖంలోకి చూశాడు. నెరిసిన జుట్టు చూశాడు. ముడతలు చూశాడు. చూసి, చెయ్యి మళ్ళీ ఎడమవైపుకు చాచాడు.

"మీరు కాదు తాతగారూ" అన్నాడు, నొప్పించకూడదన్నట్టు. "మా బావ రావాలి. తోకచుక్క లెండి... ఎప్పుడూ ఆలస్యమే."

"నేనేరా మీ బావని!"

వాడు నవ్వాడు, అంతే. ఆయన తన పెళ్ళిలో జరిగిన అల్లరి గుర్తుచేశారు. అక్క పేరు చెప్పారు. ఆ తెగిన చైను సంగతీ, పాల వ్యాను సంగతీ చెప్పి చేతులు పట్టుకోబోయారు... పట్టుకోవడానికి అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. పెద్దవాళ్ళ చాదస్తాన్ని ఓర్చుకునే పిల్లవాడిలా వాడు అన్నిటికీ తలూపాడు.

"చలిలో నిలబడకండి తాతగారూ. దిగుడులో బ్రేకు వదలకండి. కింద మావాళ్ళు కనిపిస్తే కాస్త చెప్పండి... నేనిక్కడే ఉన్నానని."

స్వెటరును రాయి మీద పెట్టి, ఆయన ఎడమవైపు దిగిపోయారు. రెండోసారి కూడా వాణ్ణి అక్కడే వదిలేసి.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఆయన్ని చూడలేదు. ఆయన వెనక ఉన్న వీధిని చూసింది... చాలాసేపు.

దారి పొడుగునా ఆయన ఒక అబద్ధాన్ని వల్లెవేసుకుంటూ వచ్చారు.

"అక్కడెవరూ లేరు" అన్నారు. "మంచు, రాయి... అంతే. జనానికి పనేముంది, కల్పించుకున్నారు."

ఆవిడ సైకిలు అందుకుని గోడకు ఆనించింది. లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగి, ఖాళీ గ్లాసు అందుకుంటూ, నెమ్మదిగా అంది...

"పోయిన చలికాలం, మీకు చెప్పకుండా, నేను బస్సులో వెళ్ళాను. నన్ను పెద్దమ్మగారూ అన్నాడు."

గ్లాసును కొంగుతో తుడుస్తూ అడిగింది.

"మిమ్మల్నేమన్నాడు?"