చెయ్యి అడిగే గుంట

ఇమ్లౌని పల్లె దారిలో ఆ గుంట పేరెత్తితే మా పన్నా ఊళ్ళో మీసాలున్న మగాళ్ళు కూడా మాట మార్చేస్తారు.

టేకు అడవి అంచున, పాడుబడ్డ వజ్రాల గుంట అది. రెండు నిలువుల లోతు. వానలు వెనకపట్టాక కూడా అడుగున మోకాల్లోతు నీళ్ళుంటాయి. పొద్దుగూకాక అటు వెళ్తే ముందు జల్లెడ చప్పుడు వినిపిస్తుందట. జల్... జల్... అని, ఎవరో రాళ్ళు కడుగుతున్నట్టు. ఆగకుండా నడిస్తే బతికిపోయినట్టే. ఆగితే మాత్రం లోపల్నించి ఒక గొంతు...

"చెయ్యి... కాస్త చెయ్యి ఇవ్వండి..."

ఇచ్చినవాడు మళ్ళీ ఇంటికి రాడట.

నేను నవ్వేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా గుడి వీధిలో టీ కొట్టు నడుపుతున్నాను. నా బెంచీ మీద కూర్చుని ఈ కథ చెప్పనివాడు లేడు. నిలదీసి అడిగితే మాత్రం, విన్నది తను కాదు, వాళ్ళ బావమరిది!

మా జిల్లా తీరే అంత. కింద వజ్రాలు, పైన పస్తులు. మా గుళ్ళో కొలిచే గురువు ప్రాణనాథుల వారు వెనకటి రాజుగారికి వరమిచ్చారట, నీ గుర్రం తిరిగినంత మేరా నేలలో వజ్రాలు దొరుకుతాయని. గుర్రం తిరిగింది, లాయంలోకెళ్ళి గడ్డి తింది. అప్పట్నుంచీ మేం తవ్వుతూనే ఉన్నాం. దొరికినవాడు ఊరొదిలిపోతాడు. దొరకనివాడు రాతి క్వారీలో దుమ్ము మింగి, దగ్గి దగ్గి పోతాడు. ఇంతమందిని మింగిన నేలలో ఒక్క గుంటకే దెయ్యం ఉండటం ఏమిటని నా అనుమానం.

ఆ గొంతు స్వయంగా విన్నానన్నవాడు మా ఊరంతటికీ ఒక్కడే. గజాధర్ పటేరియా. ఊరంతా 'మహరాజ్' అని పిలిచే పెద్దమనిషి.

ఆయన్ని చూడాలి మీరు! పట్టు కండువా, మెడలో తులసి పూసలు, వేళ్ళకి నాలుగు ఉంగరాలు. ఏటా శరత్పూర్ణిమకి గుజరాత్ నుంచీ నేపాల్ నుంచీ ప్రాణనాథుల వారిని కొలిచే ప్రణామీ భక్తులు వేలల్లో వస్తారు గదా, వాళ్ళ ముందు మైకు పుచ్చుకుని ఉపన్యాసం మొదలెట్టేవాడు. "మన జిల్లా అంటే ఏమిటి? చుట్టూ వింధ్య కొండలు, పడమట కెన్ నది, కింద వజ్రం, పైన దైవం..." ఏటా అదే ఉపన్యాసం, అదే చోట గొంతు వణికించడం. కింద వజ్రం ఉందని చెప్పేవాడు గానీ, ఆ వజ్రం కోసం కింద ఎవరున్నారో చెప్పేవాడు కాదు.

ఆ గుంట పట్టా ఒకప్పుడు ఆయనదే. బుధ్‌సింగ్ అనే గోండు మనిషి అందులో తవ్వేవాడు. పదకొండేళ్ళ కింద ఒక రోజు తెల్లవారేసరికి గుంట గోడ కూలిపోయి ఉంది. మట్టి తీస్తే బుధ్‌సింగ్ శవం.

గజాధర్ అందరి ముందూ నుదురు కొట్టుకున్నాడు. "పొద్దుండగానే పని ఆపించి పంపేశానురా! రాత్రి దొంగతనంగా దిగాడు, అనుభవించాడు."

ఊరు తలాడించింది. దొంగకి పరిహారం ఏమిటి? బుధ్‌సింగ్ భార్య గేందాబాయి ఆ రోజు నుంచీ 'దొంగ పెళ్ళాం' అయింది. ఏ గుంటలోనూ పనికి రానివ్వలేదు. అడవిలో ఎండుకట్టెలు ఏరి, మోపు నెత్తిన పెట్టుకుని కోసుల కొద్దీ నడిచి ఊళ్ళో అమ్ముకునేది. నేనూ కొన్నాను ఆ కట్టెలు. నేనూ బేరమాడాను. ఊరంటే నేను కాకుండా ఇంకెవరు?

ఆ మరుసటేడే గజాధర్ రెండంతస్తుల ఇల్లు కట్టాడు. మామగారి పొలం అమ్మిన డబ్బన్నాడు. ఊరు దానికీ తలాడించింది.

తర్వాత మొదలైంది దెయ్యం కథ. "నా చెవులారా విన్నాను, చెయ్యి ఇమ్మని పిలుస్తాడు. అటు పోకండర్రా!" అని ఇంటింటికీ చెప్పాడు. చెప్పగా చెప్పగా చివరికి తనే అటు చూడ్డం మానేశాడు. ఇమ్లౌని మలుపు నుంచి రెండు కిలోమీటర్ల దారి ఉండగా తొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాడు. ఎవరో కల్పించిన అబద్ధాన్ని నమ్మి భయపడేవాణ్ణి చూస్తే జాలేస్తుంది. తను కల్పించిన అబద్ధానికే తను వణికేవాణ్ణి ఏమనాలి?

సరే... మూడేళ్ళ కింద శరత్పూర్ణిమ నాడు ఏం జరిగిందో చెబుతాను. ఇది నాకు జసుభాయ్ చెప్పాడు.

జసుభాయ్‌ది సూరత్. నలభై ఏళ్ళు వజ్రాలు సానబట్టిన మనిషి, పరమ భక్తుడు, మితంగా మాట్లాడతాడు. ఏటా వస్తాడు, నా కొట్లోనే టీ తాగుతాడు. ఆ ఏడు గజాధర్ ఆయన్ని పట్టుకున్నాడు. సత్రానికి చందా రాయించుకోవాలని ఆశ. జీపులో ఎక్కించుకుని అడవిలో జలపాతం చూపించాడు, కొండమీద గుడి చూపించాడు. తిరిగొస్తుంటే ఇమ్లౌని మలుపులో జీపు ఇరుసు విరిగింది.

అప్పుడే చంద్రుడు లేస్తున్నాడు. గుళ్ళో రాసలీల మొదలయ్యే వేళ.

"ఈ కాలిబాటన పోతే ఊరు రెండు కిలోమీటర్లేనట. డ్రైవరు చెప్పాడు" అన్నాడు జసుభాయ్. "పదండి మహరాజ్, నడుద్దాం."

"అటు... పాములుంటాయి."

"వెన్నెలేగా. నా ఫోన్లో లైటుంది."

"పులి తిరుగుతుంది, జసుభాయ్!"

"మధ్యాహ్నం ఇదే చోట పులి ఊరి దరిదాపులకే రాదని మీరే చెప్పారు" అంటూ ఆయన నడక మొదలెట్టాడు.

చందా ముందు నడుస్తుంటే గజాధర్ ఎలా ఆగుతాడు? డ్రైవర్ని జీపు దగ్గరే వదిలి వెనకాలే వెళ్ళాడు. కండువా తలకి చుట్టుకున్నాడు, పెదవులు ఆడుతూనే ఉన్నాయి.

టేకు చెట్లు పలచబడ్డాయి. ఎర్రమట్టి గుట్టలు కనిపించాయి. వాటి మధ్య నల్లగా... గుంట.

జల్...

గజాధర్ ఆగిపోయాడు.

జల్... జల్...

"ఎవరో రాళ్ళు కడుగుతున్నారే, ఈ వేళప్పుడు" అన్నాడు జసుభాయ్.

"ఆగకండి... మాట్లాడకండి... నడవండి..." గజాధర్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

చప్పుడు ఆగిపోయింది. అడవిలో కీచురాళ్ళు కూడా ఆగిపోయాయి. అప్పుడు... లోపల్నించి... పూడుకుపోయిన గొంతు.

"మహరాజ్... చెయ్యి... కాస్త చెయ్యి ఇవ్వండి..."

గజాధర్ ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"బుధ్‌సింగ్!" అన్నాడు. అది కేక కాదట, ఏడుపూ కాదట, గొంతు నొక్కిన మేక శబ్దమట. "వదిలెయ్ రా నన్ను! ఆ వజ్రపు రాయి నువ్వే తెచ్చి నా చేతిలో పెట్టావు, ఒప్పుకుంటున్నాను... గోడ బీటలిచ్చింది మహరాజ్ అన్నావు, దిగనన్నావు... నేనే దింపాను, దీని జోడు రాయి కూడా ఉంటుందని నేనే దింపాను... నువ్వు పిలుస్తుంటే... అందరూ వస్తే సర్కారుకి చూపించని ఆ రాయి సంగతి బయటపడుతుందని... వెళ్ళిపోయాను రా... దొంగవి కాదు, నువ్వు దొంగవి కాదు..."

జసుభాయ్‌కి సగం అర్థమైంది, సగం కాలేదు. కింద ఎవరో మనిషి ఇరుక్కుపోయాడని మాత్రం అర్థమైంది. ఆయన దెయ్యాల్ని నమ్మడు. గట్టు మీద బోర్లా పడుకుని, ఫోను పక్కన పెట్టి, చీకట్లోకి చెయ్యి చాపాడు.

ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది.

తడి చెయ్యి, గరుకు చెయ్యి. భుజం ఊడొచ్చేంత బరువు. బలమంతా కూడదీసుకుని లాగాడు. ఒక్కసారిగా బరువు తేలిపోయింది. ఆయన వెల్లకిలా పడ్డాడు. ఫోను దొర్లి గుంటలో పడి ఆరిపోయింది.

లేచి చూసేసరికి వెన్నెల్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా తడిసిన చీర. చేతిలో జల్లెడ.

గేందాబాయి.

ఆమె జసుభాయ్ వైపు చూడలేదు. గజాధర్ వైపే చూస్తోంది. అతను అన్నదంతా వినేసింది.



ఆమె నెమ్మదిగా అడిగింది. "ఎంతసేపు పిలిచాడు?"

గజాధర్ కండువాతో మొహం కప్పుకున్నాడు.

"మహరాజ్... మా ఆయన ఎంతసేపు పిలిచాడు?"

"నేను... నేను రోడ్డెక్కేదాకా వినిపించింది" అన్నాడు.

ఆమె జల్లెడ పక్కన పెట్టింది. కొడుతుందనుకున్నాడట జసుభాయ్. కొట్టలేదు. గట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, ఎనిమిదేళ్ళ నాటి ఏడుపు అప్పుడు ఏడ్చింది.

ఆ రాత్రి జసుభాయ్ వాళ్ళిద్దర్నీ నడిపించుకుని గుడి ఆవరణలోకి వచ్చాడు. రాసలీల ఆపించి, పెద్దల ముందు విన్నది విన్నట్టు చెప్పాడు. ఆ పూట నేనక్కడే ఉన్నాను. ఆ పున్నమి ఆచారం ప్రకారం డాబాల మీద వెన్నెల్లో పెట్టిన పాయసం గిన్నెలు అలాగే ఉండిపోయాయి.

గజాధర్ ఏమన్నాడో తెలుసా? అప్పటికి లైట్ల వెలుగులోకి వచ్చాడు గదా, ప్రాణం లేచొచ్చింది. "అది నేనన్న మాట కాదు! దెయ్యం నన్ను పూని నా నోట పలికించింది!" అన్నాడు.

మా ఊళ్ళో సగం మంది దానికీ తలాడించారు! సిగ్గుతో చెబుతున్నాను. దెయ్యం పూనిందంటే నమ్మారు గానీ, పటేరియా మహరాజ్ అబద్ధమాడాడంటే నమ్మలేకపోయారు.

కానీ జసుభాయ్ వదల్లేదు. స్టేషన్లో వాంగ్మూలం రాయించాడు. దానికోసం సూరత్ నుంచి మూడుసార్లు వచ్చాడు. ఆ రాయి దొంగచాటుగా కొన్న దళారి, తన మెడకి చుట్టుకుంటుందని భయపడి నోరు విప్పాడు. గజాధర్ ఇప్పుడు సత్నా జైల్లో ఉన్నాడు. అక్కడా ఉపన్యాసాలు చెబుతున్నాడని విన్నాను. ఇమ్లౌని పంచాయతీలో బుధ్‌సింగ్ దొంగ కాదని అందరి ముందూ చదివి వినిపించారు. గేందాబాయి ఆ గుంట పట్టా తన పేరనే తీసుకుంది. నిన్నటిదాకా 'దొంగ పెళ్ళాం' అన్న నోళ్ళే ఇప్పుడు 'గేందక్కా' అంటున్నాయి. ఈ నోళ్ళని కూడా ఒక జల్లెడలో వేసి కడగాలి.

దెయ్యం సంగతి కూడా తేలిపోయింది కదా అనుకున్నాను. పనివ్వకపోతే గేందాబాయి ఏం చేస్తుంది? ఎవరూ రాని ఆ గుంటలో, వెన్నెల రాత్రుల్లో, పారేసిన కంకర మళ్ళీ కడుక్కుని రాళ్ళు ఏరుకునేది. ఊరంతా ఏళ్ళ తరబడి వణికింది ఒక ఆకలిగొన్న మనిషి జల్లెడ చప్పుడుకి. నా బెంచీ మీద కూర్చున్న ప్రతివాడి మొహాన ఈ మాట అని నవ్వాను.

మొన్న కార్తీకంలో గేందాబాయి నా కొట్టుకొచ్చింది. టీ ఇచ్చి అడిగాను.

"ఒంటరిగా అక్కడికి వెళ్ళడానికి భయమెయ్యలేదా అమ్మా, అన్నేళ్ళు?"

"భయం దేనికన్నా? దెయ్యమైతే మా ఆయనే గదా. నన్నేం చేస్తాడు?"

నవ్వాను. "ఏమైనా ఆ రాత్రి నువ్వు భలే పిలిచావు. నువ్వు చెయ్యి ఇమ్మని అడక్కపోతే వాడి నోట నిజం వచ్చేది కాదు."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"నేనెక్కడ పిలిచానన్నా?"

"అదే... గుంటలోంచి... జసుభాయ్ చెయ్యి పట్టుకుని పైకొచ్చావు గదా?"

"దొంగచాటుగా రాళ్ళు కడుక్కునేదాన్ని. మనిషి అలికిడైతే నక్కుతాను గానీ పిలుస్తానా?" ఆమె గొంతు తగ్గించింది. "మాటలు వినపడగానే జల్లెడ ఆపేశాను. ఇంతలో నా పక్కనుంచే ఎవరో పిలిచారు. వెనక వైపు మట్టి మెట్లున్నాయి, వాటిమీంచి ఎక్కి పరిగెత్తుకొచ్చాను. ఆ సూరత్ అయ్య చెయ్యి నేను ముట్టుకోనే లేదు."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నేను కదల్లేదు.

"మరి... ఆ పిలిచింది..."

గేందాబాయి నన్ను జాలిగా చూసింది.

"మా ఆయన గొంతు నాకు తెలీదా అన్నా?"