రాజలింగు జేబులో ఫ్యూజు

"ఇది సర్వరా, పాత సామాన్ల కొట్టా?"

సుభాషిణి మారుతితో అన్న మొదటి మాట అదే. నమస్కారం లేదు, పేరు అడగడం లేదు.

మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ తెలుగు సమాజం హాలు వెనక గదిలో బల్ల మీదున్న ఆ డబ్బాను మారుతి నాలుగు చోట్ల నుంచి ముక్కలు తెచ్చి కట్టాడు. మదర్‌బోర్డు వరోరాలో మూతబడిన కంప్యూటర్ క్లాసుది. హార్డ్ డిస్క్ చంద్రపూర్‌లో తను నడిపే సైబర్ కెఫేది. పక్క మూత ఏమైందో దేవుడికే తెలియాలి. లోపలి ఫ్యాను మాటిమాటికీ అలిగి ఆగిపోతుంది. వేలు పెట్టి ఒక్క తోపు తోస్తే మళ్లీ తిరుగుతుంది.

"లైనక్స్ వేసిన మేడం. కరెంట్ పోయి వస్తె తనంతల తనే లేస్తది" అన్నాడు గర్వంగా.

"ర్యామ్ ఎంత?"

"నూట ఇరవై ఎనిమిది ఎంబీ."

"దీని మీద అందరు వాడే గంత పెద్ద సాఫ్ట్‌వేరు, పైకెల్లి డేటాబేసా? ముసలెద్దు మీద బొగ్గు లారీ ఎక్కిస్తున్నవ్." బ్యాగులోంచి సీడీ తీసింది. "గిది చూడు. చిన్న సీఎంఎస్, వెబ్‌సైట్ పేజీలు నడిపే సాఫ్ట్‌వేరు. మొత్తం కలిపి ఫ్లాపీల పడ్తది. పేజీకొక ఫైలు, గంతే. టైపింగ్ వచ్చినోళ్లు ఎవరైనా బ్రౌజర్ తెరిచి పేజీలు రాసుకోవచ్చు."

మారుతికి కోపం రావలసింది. కానీ 'ముసలెద్దు' అన్నప్పుడు ఆమె ముక్కు కొంచెం ముడుచుకుంది. అతని కోపం ఆ ముక్కు దగ్గరే దారి తప్పిపోయింది.

సుభాషిణి నాగపూర్‌లో ఎంసీఏ ముగించి మొన్ననే ఇంటికొచ్చింది. సమాజం అధ్యక్షుడు అనంతరావు ఆదివారం జరిగే పెళ్లీడు పిల్లల పరిచయ మేళాలో పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ ఒకటి తెరవాలని పట్టుబట్టాడు. అది బయటెక్కడో కిరాయి సర్వర్‌లో ఉంటుందంటే మాత్రం ఒప్పుకోలేదు. "మన పిల్లల ఫొటోలు మన హాల్లనే ఉండాలె" అన్నాడు. అలా మారుతి డబ్బాకూ సుభాషిణి సీడీకీ ముడిపడింది.

పడుచుపిల్ల ఒక్కతే ఒక కుర్రాడితో గదిలో పనిచేస్తే లోకం ఊరుకోదు కదా. అందుకని ఆమె తండ్రి రాజలింగు వరండాలో కిటికీ పక్కనే కుర్చీ వేసుకుని మరాఠీ పేపరు చదువుతూ కూర్చునేవాడు. బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన మనిషి. మాట తక్కువ.

బుధవారం పని మొదలైంది. ఫైళ్లన్నీ సర్వర్‌లోకి ఎక్కించారు, ఫోల్డర్లకు పర్మిషన్లు ఇచ్చారు. బ్రౌజర్‌లో ఇన్‌స్టాల్ పేజీ తెరవగానే ఫ్యాను అలిగింది. మారుతి వేలు పెట్టి తోశాడు. ఠప్పున కరెంటు పోయింది.

"లోడ్‌షెడ్డింగ్!" అన్నారిద్దరూ ఒకేసారి.

కిటికీలోంచి చూస్తే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. ఊళ్లూళ్లకు కరెంటు అక్కడి నుంచే పోతుంది. దీపం కిందే చీకటి అన్నట్టు ఇక్కడ మాత్రం వంతులు. ఇద్దరూ వెళ్లి చాయ్ తాగొచ్చేసరికి కరెంటు ఉంది, ఫైలు సగమే ఉంది. మళ్లీ మొదటికి.

గురువారమూ అదే కథ. ఫ్యాను అలిగింది, వేలు, ఠప్పు, చాయ్. మధ్యలో ఆమె అడ్మిన్ పాస్‌వర్డ్ కొడుతుంటే మారుతి గోడవైపు తిరిగాడు.

"ఏంది, గోడ మీద సినిమా నడుస్తుందా?"

"పాస్‌వర్డ్ చూడొద్దు గద."

"అబ్బో! మంచోనివే."

ఆ ఒక్క ముక్క పట్టుకుని మారుతి ఆ రోజంతా నేల మీద నడవలేదు.

శుక్రవారం ఫ్యాను ఎందుకో అలగలేదు, కరెంటూ పోలేదు. ఇన్‌స్టాల్ పూర్తయింది. ఇన్‌స్టాల్ ఫైలును సుభాషిణి తనే తుడిచేసింది. "గిది ఉంచితె దారినపోయే దానయ్య వచ్చి మళ్ల మొదటికెల్లి నడిపిస్తడు" అంది.

శనివారం అనంతరావు మొదటి బయోడేటా కాయితం పంపాడు. మారుతి పైకి చదవడం మొదలుపెట్టాడు. "అమ్మాయి పేరు... సుభాషిణి. తండ్రి... రాజలింగు."

కాయితం కిందికి దించాడు.

"చదువు, ఆగినవేంది?" అంది ఆమె, స్క్రీన్ వైపే చూస్తూ. "బల్లార్‌పూర్ ఇంజనీరోళ్లు రేపు వస్తరట. వెబ్‌సైట్ల ఫొటో చూసి, గక్కడే మాట ఖాయం చేస్తరట."

అంటే ఈ నాలుగు రోజులూ తను తవ్వుకున్నది తన గొయ్యే. మారుతి ఒక్కో అక్షరం నొక్కుతూ పేజీ మొత్తం టైపు చేశాడు. సేవ్ చేయబోతుంటే ఫ్యాను ఆగింది. వేలు పెట్టాడు. ఠప్పు.

ఈసారి ఎవరూ చాయ్‌కి లేవలేదు.

"మారుతీ, నిజం చెప్పు. కరెంట్ నువ్వే తీపిస్తున్నవా?"

"నేనా? నువ్వేమో అనుకుంటున్న. సంబంధం నచ్చక."

"నచ్చనే లేదు. కానీ నేను తియ్యలె."

"నేను గూడ తియ్యలె. తియ్యబుద్ధి మాత్రం అయితుంది."

"ఎందుకు?"

"నీ పేరు నా చేత్తోని ఊరందరికి పంచాలంటె పాణం ఒప్పుత లేదు, సుభాషిణీ. నువ్వంటె నాకిష్టం."

ఆమె కుర్చీ అతనివైపు తిప్పింది. తర్వాత ముక్కు ముడుచుకుంది. "గీ మాట చెప్పనీకి నాలుగు దినాలా? గోడ దిక్కు చూసుకుంట కూసుంటె నాకెట్ల తెలుస్తది? నేనేమన్న గోడనా?"

మారుతి గుండె హార్డ్ డిస్క్ కంటే గట్టిగా చప్పుడు చేసింది. అంతలో ఆమె చెవి రిక్కించింది. హాల్లో ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది.

"హాల్ల కరెంట్ ఉన్నది! మరి లోడ్‌షెడ్డింగ్ ఏడిది?"

ఇద్దరూ వరండాలోకి పరుగెత్తారు. గోడమీది బోర్డులో వెనక గది ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ. పక్కనే రాజలింగు పేపరు చదువుతున్నాడు. చొక్కా జేబులోంచి తెల్లటి పింగాణీ ఫ్యూజు తొంగిచూస్తోంది.

"బాపూ! నువ్వా తీసేది?"

"గీ పోరడు మిషిన్ల వేలు పెట్టినప్పుడల్ల తీసిన." రాజలింగు పేపరు మడిచాడు. "ముప్పై రెండేండ్లు గనిల పనిజేసిన. మిషిన్ల మనిషి చెయ్యి ఉన్నదంటె ఫ్యూజు నా జేబుల ఉండాలె. మనిషి బయటికొచ్చి 'అయింది' అంటెనే మళ్ల పెట్టేది. నా షిఫ్టుల ఒక్కనికి గూడ షాక్ కొట్టలె."

"ఒక్క మాట చెప్పొద్దా కాకా?"

"మీరు నన్నడిగిండ్రా? చాయ్‌కి ఉరుకుతుంటిరి, నేను పెట్టేస్తుంటి." ఆగి, మారుతిని పైనుంచి కిందికి చూశాడు. "కిటికీ తెరిచే ఉన్నది. నాకు చెవుడు లేదు. నీ వేలు మీదనే నీకు పట్టింపు లేదు, నా బిడ్డనేం చూసుకుంటవ్?"

మారుతి తన వేలు చూసుకున్నాడు. స్కూటర్ తీసుకుని వెళ్లిపోయాడు. ఇక రాడనుకుంది సుభాషిణి. గంటలో వచ్చాడు, చేతిలో తన కెఫేలోని మంచి కంప్యూటర్ నుంచి విప్పిన ఫ్యానుతో, బిస్కట్ డబ్బా రేకుతో కత్తిరించిన మూతతో. నేరుగా రాజలింగు ముందు నిలబడ్డాడు.

"కాకా, మిషిన్ల చెయ్యి పెడ్తున్న. ఫ్యూజు తియ్యి."

రాజలింగు కనుబొమలు పైకి లేచాయి. తీశాడు. మారుతి ఫ్యాను బిగించి, మూత పెట్టి, బయటికొచ్చి "అయింది" అన్నాడు. కరెంటు వచ్చింది. బయోడేటా మళ్లీ టైపు చేసి, ఈసారి సేవ్ కూడా చేశాడు. ఒప్పుకున్న పని కదా. సుభాషిణి అతనివైపు గుడ్లురిమి చూసింది. కిటికీలోంచి రాజలింగు కూడా చూశాడు. "ఊఁ" అన్నాడు, అంతే.

ఆదివారం హాలు నిండిపోయింది. వెనక గది నుంచి కరెంటు తీగ లాగి సర్వర్‌ను హాల్లోనే బల్ల మీద పెట్టారు. ముందు వరుసలో బల్లార్‌పూర్ వాళ్లు. మారుతి ఏం చూడాలో తెలియక వరండా గుమ్మంలో, ఫ్యూజు బోర్డు పక్కన నిలబడ్డాడు.

పెద్ద తెర మీద సమాజం పేరు మెరిసింది. చప్పట్లు. "మొదటి పేజీ తెరిచేముందు మిషిన్‌కు బొట్టు పెడ్త" అంటూ అనంతరావు కుంకుమ తీసుకున్నాడు. రేకు మూత మీద బొట్టు నిలవలేదు. ఎక్కడ పెట్టాలా అని వెతికి, గాలి కోసం కోసిన రంధ్రంలోకే వేలు పోనిచ్చాడు.

ఠప్పు!

తెర నల్లబడింది. రెండు వందల మంది "అరెరే" అన్నారు. అందరూ వెనక్కి తిరిగితే, గుమ్మంలో మారుతి ఫ్యూజు చేతబట్టుకుని నిలబడి ఉన్నాడు. తనేం చేశాడో అతనికే అప్పుడు తెలిసింది.

అప్పుడు ఒక్క మనిషి చప్పట్లు కొట్టాడు. రాజలింగు.

"అనంతరావ్, మా పిల్ల కాయితం వాపస్ ఇయ్యి. సంబంధం దొరికింది" అన్నాడు. బల్లార్‌పూర్ వాళ్లకు చేతులు జోడించాడు. "ఏమనుకోకుండ్రి. ముప్పై రెండేండ్లల గిట్లాంటోన్ని ఒక్కన్నే చూసిన. అద్దంల."

హాలు గొల్లుమంది. ఆ నవ్వుల మధ్య మారుతి అక్కడి నుంచే సుభాషిణిని చూశాడు. ఫ్యూజు ఇంకా చేతిలోనే ఉంది. నియమం నియమమే.

"అయిందా?" అని అడిగాడు.

సుభాషిణి తండ్రి వైపు చూసింది. మళ్లీ అతనివైపు తిరిగి, ముక్కు ముడవకుండా నవ్వింది.

"అయింది" అంది.

కరెంటు వచ్చింది. ముసలెద్దు తనంతట తనే లేచింది. ఆమె కీబోర్డు ముందు కూర్చుని మొదటి పేజీ తెరిచి, తన పేరున్న ఫైలును తుడిచేసింది.