చక్‌లో ఉండిపోయిన కీ

"మా తమ్ముడి కన్ను పోయింది మేడమ్. అది ప్రమాదం కాదు, ఎవరో కావాలనే చేశారు," అంది ఆ అమ్మాయి డిటెక్టివ్‌తో, కుర్చీలో కూర్చోకుండానే.

ఆమె ఇంజనీరింగ్ కాలేజీలో వర్చువల్ రియాలిటీ ల్యాబును ఒంటిచేత్తో నడుపుతున్న ప్రోగ్రామర్. విద్యార్థులు హెడ్‌సెట్ పెట్టుకుని ముందు ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మెషిన్‌ను ఉత్తుత్తిగా నడిపి సాధన చెయ్యాలి. అందులో పాసైతేనే వర్క్‌షాపులో అడుగుపెట్టాలి. తమ్ముడు అసలు మెషిన్ స్విచ్ నొక్కిన మొదటిరోజే, ఇనుపముక్కను పట్టుకుని తిరిగే చక్‌ను బిగించే కీ, బిగించాక తియ్యకుండా అందులోనే ఉండిపోవడంతో, తూటాలా ఎగిరొచ్చి అతని కంటికి తగిలింది.

"అందులో కీ వదిలేసింది వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరే. ఆయనకు మా ల్యాబంటే కడుపుమంట."

డిటెక్టివ్ తన అసిస్టెంట్‌ను వెంటబెట్టుకుని వర్క్‌షాపుకు వెళ్లింది. ఇన్‌స్ట్రక్టర్ ముఖం పీక్కుపోయి ఉంది.

"బిగించింది ఆ కుర్రాడే మేడమ్. నేను నోరు తెరిచేలోగా నొక్కేశాడు."

ఆస్పత్రిలో తమ్ముడూ కాదనలేదు. "ల్యాబులో చేసినట్టే చేశానండీ. బిగించాను, నొక్కాను. అంతే."

ఆ మాట దగ్గర డిటెక్టివ్ ఆగిపోయింది. అతని ల్యాబు పాస్‌వర్డ్ అడిగి తీసుకుంది. ఎందుకో అసిస్టెంట్‌కు అంతుపట్టలేదు.

ల్యాబులో డిటెక్టివ్ చెప్పినట్టే అసిస్టెంట్ హెడ్‌సెట్ పెట్టుకుని, అందరికీ ఇచ్చే పాఠం తెరిచి, కీ చక్‌లోనే ఉంచి స్విచ్ నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది, మెషిన్ కదల్లేదు. తమ్ముడి పాస్‌వర్డ్‌తో మళ్లీ నొక్కాడు. ఈసారి కీ దానంతటదే మాయమై, మెషిన్ హాయిగా తిరిగింది.

తమ్ముడు ఆస్పత్రి నుంచి వచ్చాక డిటెక్టివ్ అందరినీ వర్క్‌షాపులో కూర్చోబెట్టింది.

"కీ వదిలేసింది కుర్రాడే. కానీ దాన్ని తియ్యాలని అతని చేతులకు అలవాటు కాలేదు. అతనొక్కడి పాఠంలోంచి ఆ పని ఎవరో తీసేశారు. ప్రోగ్రామ్ మార్చడం చేతనైంది ఇక్కడ ఒక్కరికే." ఆమె గొంతు తగ్గింది. "నువ్వే కదమ్మా?"

అక్క తల వాల్చేసింది. "ప్రతిసారీ అక్కడే ఫెయిలవుతున్నాడు. చదువు మానేస్తానని ఏడ్చాడు. పాసయ్యాక సరిచేసి, వాడికి చెబుదామనుకున్నా. పనిలో పడి మర్చిపోయా."

"మరి నా దగ్గరికెందుకొచ్చావు?"

"ఇంకెవరో చేశారని మీరు చెబుతారేమోనని."

ఇన్‌స్ట్రక్టర్‌కు కోపం రాలేదు. "పాసయ్యాడు కదా అని నేనూ చూడకుండా వదిలేశాను," అన్నాడు నేల చూస్తూ.

కట్టు కట్టిన ముఖంతో తమ్ముడు తడుముకుంటూ వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను ఫెయిల్ కానివ్వాల్సిందక్కా."

కేసు తేలితే దారి పొడవునా మేడమ్‌ను ఆకాశానికెత్తే అసిస్టెంట్ ఆ రోజు నాలుగడుగులు వెనకే నడిచాడు. ఆమె కూడా వెనక్కి తిరిగి చూడలేదు.